మొలలో ఒకటి, జేబులో ఒకటి

దూరదేశాలకు ఇనుము పంపిన కొండ కింద, ఒకే మనిషి రెండు కత్తులు వెంట ఉంచుకొని తిరుగుతాడు

విశాఖపట్నంలో తెల్లవారి బయలుదేరిన ప్యాసింజరు బండి కిరండూల్ చేరేసరికి రాత్రి అవుతుంది. కొత్తవలస దగ్గర మైదానాన్ని విడిచి, అనంతగిరి కొండలను చుట్టుకొంటూ ఎక్కి, బొర్రా గుహలను, అరకులోయను దాటి, ఒడిశాలోని కోరాపుట్ మీదుగా ఆ బండి బస్తర్‌లో ప్రవేశిస్తుంది. కొత్తవలస నుండి లెక్కిస్తే సుమారు 445 కిలోమీటర్ల మార్గం. అందులో యాభైకి పైగా సొరంగాలు. దారి పొడవునా ఎదురయ్యే గూడ్సు బండ్లలో కనిపించేది ముఖ్యంగా ఒకే సరుకు, ముదురు ఎరుపు రంగు ఇనుపరాయి. దంతెవాడ దాటిన తరువాత ఆ ఎరుపు బండ్లను విడిచి నేలమీదికి, చెట్ల ఆకులమీదికి, ఇళ్ల కప్పులమీదికి పాకుతుంది. చివరకు పట్టాలు ఆగిపోతాయి. ఎదురుగా కొండ నిలుస్తుంది. అదే కిరండూల్.

ఈ ఊరికి వచ్చే బాటసారి సాధారణంగా కొండను చూస్తాడు, గనిని చూస్తాడు, పెద్ద పెద్ద యంత్రాలను చూసి ఆశ్చర్యపడతాడు. కాని ఇక్కడి చరిత్రను తెలుసుకోవడానికి అంతకంటె చిన్న వస్తువు ఒకటి ఉన్నది. చుట్టుపక్కల పల్లెల నుండి సంతకు వచ్చే మనిషి నడుము వంక చూడాలి. పంచె మడతలో గాని, మొలతాడుకు గాని ఒక కత్తి దోపి ఉంటుంది. నల్లని ఇనుము, కర్రపిడి, అలంకారమేమీ లేదు. అదే మనిషి కొడుకో, మనుమడో పట్టణంలో పనికి కుదిరినవాడయితే, అతని చొక్కా జేబులో మరొకటి ఉంటుంది. తళతళలాడే మడతచాకు. పల్లెకు, పట్టణానికి రోజూ తిరిగేవాని దగ్గర రెండూ ఉండవచ్చు.

ఒకే మనిషికి రెండు కత్తులెందుకు?

కొండ కథ

ఈ ప్రశ్నకు జవాబు కొండతోనే మొదలు పెట్టాలి. దాని పేరు బైలాడిలా. బైలు అంటే ఎద్దు, డిలా అంటే మూపురం. దూరం నుండి చూస్తే ఎద్దు మూపురంవలె కనిపించే ఈ కొండవరుసలో పదునాలుగు ఇనుపరాతి నిక్షేపాలను గుర్తించి, వాటికి వరుసగా అంకెలు వేశారు. కిరండూల్ పక్కనున్నది పదునాలుగవది. ఇక్కడి రాతిలో నూటికి అరవై పాళ్లకు మించి ఇనుమే. ప్రపంచంలోని మేలురకపు ఇనుపరాళ్లలో ఇది ఒకటి.

యుద్ధానంతరం పునర్నిర్మాణంలో మునిగిన జపాను ఉక్కు కర్మాగారాల కన్ను ఈ రాతిమీద పడినది. 1960లో భారత, జపాను పక్షాల మధ్య ఒప్పందం కుదిరినది. 1958లో స్థాపితమైన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ గని పనిని చేపట్టినది. కొండలను తొలిచి విశాఖ రేవు వరకు రైలుమార్గం వేశారు. 1968 నుండి పదునాలుగవ నిక్షేపం రాతిని ఇవ్వసాగినది. ఆ రాయి బండ్లలో విశాఖకు, అక్కడి నుండి ఓడలలో జపానుకు ప్రయాణించినది. తరువాతి కాలంలో, 1966 నాటి ఆందోళనలో ముప్ఫైమందికి పైగా ప్రాణాలర్పించి ఆంధ్రులు సాధించుకొన్న విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడ ఈ కొండే రాతిని పంపినది. ఆ విధంగా కిరండూల్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. గని సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. కిరండూల్ వీధులలో గోండీ, హల్బీ, హిందీలతోపాటు తెలుగు కూడ వినిపిస్తుంది.

అయితే, ఈ ప్రాంతపు ప్రజలు ఇనుమును మొదటిసారి చూచినది 1968లో కాదు. మధ్యభారతపు అడవులలో తరతరాలుగా ఇనుము కాచినవారున్నారు. మట్టితో మనిషి ఛాతీ ఎత్తున కొలిమి కట్టి, బొగ్గును, రాతిపొడిని పొరలు పొరలుగా పోసి, తోలుతిత్తులను కాళ్లతో తొక్కి గాలి ఊది, అడుగున ముద్దగా దిగిన ఇనుమును సమ్మెటతో బాది శుద్ధి చేసేవారు. వారిలో ఒక తెగయైన అగరియాలను గురించి వెరియర్ ఎల్విన్ 1942లో ఒక గ్రంథమే ప్రకటించాడు. లోహాసురుడు కొలిమిలో నివసిస్తాడనీ, అగ్యాసురుడు నిప్పులో, కోయిలాసురుడు బొగ్గులో ఉంటారనీ వారి నమ్మకం. బ్రిటిషువారి పాలనలో కొలిమిపై పన్ను పడినది. బొగ్గు కోసం చెట్టు కొట్టడం అటవీ చట్టం కింద నేరమైనది. ఓడలలో చవక ఇనుము దిగినది. మూడు దెబ్బలకు కొలిముల నిప్పు ఆరిపోయినది. రాయి కరగించే విద్య పోయినా, ఇనుము సాగగొట్టే విద్య మాత్రం మిగిలినది. ఆ మిగిలిన విద్యకు గుర్తే మొలలోని కత్తి.

మొలలోని కత్తి

పల్లె కమ్మరి నేడు కొండరాతితో కత్తి చేయడు. ఆయన ముడిసరుకు సాధారణంగా పాత ఇనుము. ముఖ్యంగా లారీల కమానుపట్టీలు. లోతుగా ఆలోచిస్తే ఇందులో ఒక విచిత్రం ఉన్నది. కొండనుండి పోయిన రాయి ఎక్కడో కరిగి, ఉక్కయి, లారీ అడుగున చేరి, గతుకుల రోడ్ల మీద అరిగి విరిగి, చివరకు ఏ పల్లె కమ్మరి దాగలి మీదనో మళ్లీ పరుండవచ్చు.

కమానుపట్టీని కమ్మరి ఊరక ఎన్నుకోలేదు. మెత్తని ఇనుములో కర్బనం చాల తక్కువ. ఎంత కాల్చి నీట ముంచినా అది పదును పట్టదు. కమానులో కర్బనం దాదాపు నూటికి అరపాలుకు పైగా ఉంటుంది. ఎర్రగా కాల్చి, ఆకారం దిద్ది, మళ్లీ కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచితే అంచు గట్టిపడుతుంది. కాని అట్లా గట్టిపడిన అంచు గాజువలె పెళుసు. అందుచేత కమ్మరి దానిని తిరిగి నెమ్మదిగా వెచ్చచేస్తాడు. అప్పుడు ఉక్కుపై రంగులు కదులుతాయి. మొదట గడ్డిరంగు, తరువాత గోధుమరంగు, ఊదా, చివరకు నీలం. ఏ రంగు దగ్గర ఆపాలో చేతికి తెలియాలి. తొందరపడితే కత్తి విరుగుతుంది, ఆలస్యమైతే మొండిబారుతుంది. ఈ పనికి ఆయన వద్ద ఉష్ణమాపకం లేదు. కొలిమిచోటు చీకటిగా ఉండడానికి కారణం పేదరికం ఒక్కటే కాదు. ఎర్రగా కాలిన ఇనుము రంగు ఎండలో సరిగా కనిపించదు.

ఇట్లా తయారైన కత్తి మనిషితోపాటు తెల్లవారగట్ల లేస్తుంది. పందుంపుల్ల విరవడంతో దాని దినచర్య మొదలు. అడ్డతీగ కోయాలి, ఆ నారతో కట్టెలమోపు కట్టాలి, అడ్డాకులు దొన్నెలు కుట్టడానికి వెదురుపుల్లలు చీల్చాలి. వర్షాకాలంలో లేత వెదురుకొమ్ములు తరగాలి. జీలుగుచెట్టు ఉన్నవాడు గెల అంచును రోజూ పలుచగా చెక్కాలి. చెక్కు మందమైతే కల్లు ధార ఆగుతుంది. చెట్లు కొట్టే పెద్దపనికి భుజాన టంగియా అనే గొడ్డలి ఉండనే ఉన్నది. ఉత్తర బస్తర్‌లోని ముడియా యువకులు గోతుల్‌లో తాము వలచిన పడుచులకు ఇచ్చే కర్రదువ్వెనలను చెక్కే తీరును కూడ ఎల్విన్ తన 1947 నాటి గ్రంథంలో విపులంగా వర్ణించాడు. కత్తి అక్కడ ఆయుధం కాదు, ప్రేమలేఖ రాసే కలం.

ఈ కత్తికి తుప్పు పడుతుంది. మామిడికాయ తరిగితే నల్లబడుతుంది. కాని దానిని పదును పెట్టడానికి వాగులోని నున్నని రాయి చాలు. పిడి వదులైతే యజమానే మరొక కర్ర చెక్కి బిగిస్తాడు. అలుగు అరిగితే కమ్మరి దగ్గరకు పోతాడు. చేసినవాడు, వాడేవాడు ఒకరికొకరు తెలిసినవారు. కమ్మరికి కొన్ని పల్లెలలో డబ్బుకు బదులు ధాన్యం ముట్టుతుంది. కత్తి సరిగా తెగకపోతే ఆ మాట ఆయన ముఖం మీదనే చెప్పవచ్చును.

జేబులోని కత్తి

మడతచాకు కథ వేరు. చాకు అన్న మాటే పారశీక, తురుష్క భాషల నుండి మనకు వచ్చినది. అలుగును పిడిలోకి మడిచే ఉపాయం రోమనుల కాలం నాటికే ఉన్నది. ఐరోపాలో పక్షి ఈకలతో వ్రాసే రోజుల్లో ఈక మొన చెక్కడానికి ప్రతి వ్రాయసకానికీ చిన్న చాకు కావలసి వచ్చేది. ఇంగ్లీషువారు దానిని కలంకత్తి అన్నారు. ఈకలు పోయాయి, పేరు మిగిలినది. మన దేశంలోనూ తాటాకుల మీద వ్రాసినవారికి గంటంతోపాటు ఆకు కత్తిరించే కత్తి అవసరమైనది. రెండూ ఒకే పిడిలో ఇమిడినవి కూడ ఉండేవి. కొడగు వీరులు నడుమున ధరించే పీచెకత్తి ఒరకు సన్నని గొలుసులతో పట్టకారు, గోరుగీరు, గుబిలిపుల్ల వేలాడుతూ ఉంటాయి. ఒకే వస్తువులో నాలుగు పనిముట్లు అన్న ఆలోచన పడమటివారి సొత్తు మాత్రమే కాదు.

అయితే దానిని లోకమంతటా వ్యాపింపజేసినవాడు స్విట్జర్లాండుకు చెందిన కార్ల్ ఎల్సెనర్. ఆయన 1884లో ఈబాక్ గ్రామంలో కత్తుల కార్ఖానా పెట్టి, 1891లో స్విస్ సైనికులకు చాకులు అందించి, 1897లో తేలికైన అధికారుల చాకును నమోదు చేయించాడు. అదే కాలంలో జపానులోని మికి పట్టణంలో హిగోనోకామి అనే మడతచాకు పుట్టినది. మడిచిన రేకు పిడి, ఒక అలుగు, వెనుక చిన్న తోక, అంతే. జపాను బాలలు పెన్సిలు చెక్కుకోవడానికి దానిని జేబులో వేసుకొని బడికి వెళ్లేవారు. 1960 ప్రాంతాల పిల్లలకు చాకులు ఉండరాదని అక్కడ పెద్ద ప్రచారం జరిగి, ఆ వాడుక క్షీణించినది. బైలాడిలా ఒప్పందం కుదిరిన కాలమూ అదే. జపాను బాలుని జేబు నుండి చాకు జారిపోతున్న రోజులలోనే జపాను కొలిముల కోసం బస్తర్ కొండను తవ్వడానికి నిశ్చయమైనది. రెంటికీ సంబంధమేమీ లేదు. కాలం మాత్రం అట్లా కలిసినది.

నేటి జేబుచాకుకు తుప్పు పట్టదు. 1913లో షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రేర్లీ తుపాకి గొట్టాలకు తగిన ఉక్కును వెదుకుతూ, క్రోమియం కలిపిన ఉక్కు మచ్చపడదని గ్రహించాడు. ఆయన ఒక పేద ఉక్కుపనివాని కొడుకు. తొలినాళ్లలో ఆ ఉక్కుకు పదును రాక, తెగని కత్తులను కనిపెట్టినవాడని షెఫీల్డు కత్తిపనివారు ఆయనను ఎగతాళి చేశారు. నవ్వినవారే తరువాత ఆ ఉక్కుతో వ్యాపారం చేశారు. ఆ వెక్కిరింతలో కొంత నిజం ఇంకా ఉన్నది. చవకరకం స్టెయిన్‌లెస్ చాకు అంచు త్వరగా మొద్దుబారుతుంది. మేలురకం చాకుకు పదును చాలకాలం నిలుస్తుంది గాని, ఒకసారి పోతే వాగురాయికి తేలికగా లొంగదు.

రెండు చేతుల పని

కొండ కింది పల్లెలో పుట్టి, పట్టణంలో విద్యుత్ పనికో, మరమ్మతు పనికో వెళ్లే యువకుణ్ణి ఒకనిని పాఠకులు ఊహించుకోవచ్చును. పొద్దున అతడు పశువుల కొట్టం దగ్గర తాడు కోయడానికి తండ్రి కత్తినే తీస్తాడు. పట్టణంలో తీగమీది ప్లాస్టిక్ తొక్క ఒలవడానికి, సిమెంటు బస్తా మూతికుట్టు తెంచడానికి, అట్టపెట్టె టేపు చీల్చడానికి జేబుచాకు తీస్తాడు. పని కాగానే మడిచి లోపల పెడతాడు. బస్సు రద్దీలో అది ఎవరికీ గుచ్చుకోదు. సాయంత్రం ఇల్లు చేరి వెదురు చీల్చవలసి వస్తే మడతచాకును మళ్లీ తాకడు. మడతకీలు మీద బరువు వేస్తే అది వదులవుతుందని, జారితే తన వేళ్లే తెగుతాయని అతనికి తెలుసు. పిడిలో ఇమిడే కత్తికి అదే బలం, అదే బలహీనత.

కనుక రెండు కత్తులు మోయడం ఆడంబరం కాదు, పాతను విడువలేని చాదస్తమూ కాదు. ఒక్కొక్క లోకానికి ఒక్కొక్క అంచు కావాలి. ఆ యువకుడు రోజుకు రెండుసార్లు ఒక లోకం నుండి మరొక లోకానికి దాటుతాడు.

ఆ దాటడం ఎప్పుడూ సులభంగా జరగలేదు. గని తొలినాళ్లలో వేలాదిమంది కూలీలు చేతులతో రాయి కొట్టి, ఏరి, ఎత్తారు. యంత్రాలు వచ్చిన తరువాత వారి చేతులు అక్కరలేకపోయాయి. పని పోయిన కాంట్రాక్టు కార్మికులు 1978లో ఆందోళనకు దిగారు. ఆ ఏప్రిల్‌లో కిరండూల్‌లో పోలీసు కాల్పులు జరిగి కార్మికులు మరణించారు. వారి గుడిసెలు తగులబడ్డాయి. సమ్మెట స్థానంలో యంత్రం వచ్చుట అనే మాటను ఆర్థికశాస్త్ర గ్రంథాలు ఒక వాక్యంలో చెప్పి ముగిస్తాయి. ఈ ఊరిలో ఆ వాక్యానికి నెత్తురు ఖర్చయినది.

కత్తిని చూసే కన్ను

కత్తి పట్టినవాడెవడు అన్నదానిని బట్టి కత్తికి అర్థం మారుతుంది. వంటింటి కత్తిపీటను చూసి ఎవరూ బెదరరు. హిందీ చలనచిత్రాలలో రాంపురి చాకు టక్కున తెరుచుకొంటే ప్రేక్షకుడు ఉలిక్కిపడేవాడు. సిక్కులు కృపాణం ధరించడాన్ని రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే మతాచారంలో భాగంగా అంగీకరించినది. 1959 నాటి ఆయుధాల చట్టం కింది నియమాలు కత్తులకు కూడ ఒక గీత గీశాయి. అలుగు తొమ్మిది అంగుళాల కంటె పొడవు గాని, రెండంగుళాల కంటె వెడల్పు గాని ఉన్న కత్తి ఆయుధాల పట్టికలో చేరుతుంది. అయితే ఇంటిపనికి, సేద్యానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసిన కత్తులకు మినహాయింపు ఉన్నది. అనగా చట్టం కూడ కత్తి పొడవునే గాక, దాని పనిని కూడ అడుగుతున్నది.

కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కాని దశాబ్దాలపాటు మావోయిస్టులకు, ప్రభుత్వ బలగాలకు మధ్య సాయుధ సంఘర్షణ నడిచిన జిల్లాలో, అడవిదారిన వచ్చే మనిషి నడుమున ఉన్న కత్తి ఏ పనికో అడిగి తెలుసుకొనేంత ఓపిక తనిఖీ చేసేవానికి ఎల్లప్పుడూ ఉండదు. అదే సమయంలో పట్టణపు కుర్రవాని జేబులోని మడతచాకు కంటికి కనిపించదు. దాచదగినదానికి గౌరవం, బాహాటంగా ధరించినదానికి అనుమానం! నిజానికి ప్రాచీన మర్యాద దీనికి విరుద్ధం. దాచినవాడు శత్రువు, నలుగురికీ కనిపించేట్లు కత్తి పెట్టుకొన్నవాడు తన పనికి పోతున్నవాడు.

2019 జూన్‌లో ఆ బాహాటపు మర్యాదను కిరండూల్ మరొకమారు చూచినది. పదమూడవ నిక్షేపం ఉన్న కొండ తమ నందరాజు దేవునికి, ఆయన ఇల్లాలు పితోడ్ రాణికి నిలయమనీ, అక్కడ గని తవ్వరాదనీ వేలాదిమంది ఆదివాసులు పల్లెల నుండి నడిచి వచ్చి గని కార్యాలయం ముందు రోజుల తరబడి కూర్చున్నారు. తమ సాంప్రదాయిక ఆయుధాలను వారు వెంట తెచ్చుకొన్నారు. వాటితో ఎవరిపైనా దాడి చేయలేదు. గనికి అనుమతి ఇచ్చిందని చెప్పిన గ్రామసభ నిజంగా జరిగిందా అన్నదే వారి ప్రశ్న. ప్రభుత్వం పని నిలిపి విచారణకు అంగీకరించిన మీదట వారు లేచి వెళ్లారు.

అంచు నిలిచేది ఎట్లా?

దంతెవాడలో దంతేశ్వరి ఆలయం పక్కన శంఖిని, డంకిని నదులు కలుస్తాయి. కొండమీది ఇనుపమట్టి కలిసి శంఖిని నీరు ఏళ్ల తరబడి ఎర్రగా పారినది. ఆ నీరు కాలవలసిన పొలాల గురించి, తాగవలసిన పశువుల గురించి ఇక్కడివారు చాలకాలంగా మొరపెట్టుకొంటున్నారు. ఇనుము పోయినది, దాని రంగు మాత్రం ఉండిపోయినది.

ఇనుమును ఉక్కుగా మార్చిన కీర్తి తెలుగుదేశానికి కొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కాచిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. ఉక్కు అన్న మాటే దక్షిణదేశం నుండి పోయి ఐరోపా గ్రంథాలలో వూట్జ్‌గా మారిందని పండితుల అభిప్రాయం. కమ్మరి కొడుకయిన మైకేల్ ఫారడే లండన్‌లో, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తులు చేసేవానితో కలిసి, 1819 ప్రాంతాల ఆ ఉక్కు రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు. అంతటి విద్య కూడ రెండు మూడు తరాలలో అంతరించినది. విద్య పోవడానికి ఎవరూ దానిని తగులబెట్టనక్కరలేదు. నేర్చుకొనే కొడుకు మరొక పనికి పోతే చాలు.

పల్లె కమ్మరి విషయమూ అంతే. సంతలో ఫ్యాక్టరీ కత్తి చవకగా దొరికిననాడు, కొత్త కత్తులు చేసే పని తగ్గుతుంది. అటుపైన పాతవాటికి పదును పెట్టే పని కూడ తగ్గుతుంది. కొలిమి ఒక్కసారి ఆరిపోతే, విరిగిన నాగలికర్రుకు, మొద్దుబారిన గొడ్డలికి, వదులైన కొడవలికి దిక్కు లేదు. ఊరంతా కొనుగోలుదారుగా మారుతుంది. మొలలోని కత్తిని కాపాడుకోవడమంటే ఒక వస్తువును కాపాడుకోవడం కాదు. దాని వెనుక పల్లెలోనే ఉన్న ఆ కమ్మరిని, రంగు చూసి నిప్పును చదివే ఆయన కన్నును కాపాడుకోవడం. జేబులోని చాకు ఆ కన్నుకు శత్రువు కాదు. అది తన పని తాను చేస్తుంది. అయితే అది ఆ కన్నుకు బదులు కాజాలదు.

చీకటి పడగానే కిరండూల్ స్టేషనులో ఒక గూడ్సు బండి కదులుతుంది. నిండుగా రాయి పోసుకొని, కొండలు దిగి, సముద్రం వైపు వెళ్లిపోతుంది. అదే వేళకు పల్లెలో ఒకడు వాగు ఒడ్డున కూర్చుండి, అరచేతి మందం రాయిమీద కాసిని నీళ్లు చల్లి, తండ్రి కత్తిని వాలుగా పట్టి నూరుతూ ఉంటాడు. నూరడం అయిన తరువాత బొటనవేలితో అంచును అడ్డంగా మెల్లగా తాకి చూస్తాడు. జేబులోని చాకును కూడ తీసి, తెరచి, అదే రాయిమీద రెండుసార్లు లాగుతాడు. దానికి పదును రావడానికి ఎక్కువ సేపే పడుతుంది. అయినా లాగుతాడు.